పిచ్చుక పేజీ

ఆ వానాకాలం మా ఇంట్లోకి నీళ్లు రాలేదు గానీ, పిచ్చుక వచ్చింది.

వచ్చింది ఫోన్లోంచి. తెచ్చింది మా అమ్మాయి. తెమ్మని పంపింది వాళ్ల సోషల్ మేడమ్. ఎవర్ని తిట్టాలో తెలీక ఆ వానాకాలమంతా నేను ముగ్గుర్నీ వంతులవారీగా తిట్టాను.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ప్రతి మాటకీ ఎదురు ప్రశ్న వేస్తుందని ఇంట్లో దాన్ని లాయరమ్మ అంటాం. బడి తెరిచిన కొత్తలో ఓ సాయంత్రం నేను మిషను మీద యూనిఫాం లాగూ అంచు మడుస్తుంటే, సంచీ కుర్చీలో పడేసి నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"అమ్మా, పెద్ద వరదలో మన ఇంట్లో ఎవరెవరున్నారు?"

మిషను తొక్కుతున్న నా కాలు ఆగిపోయింది.

సంగతేమిటంటే, ఈసారి వరద పాఠం మేడమ్ పుస్తకంలోంచి చెప్పదట. తరగతి మొత్తానికీ ఫోన్లో ఒక గ్రూపు పెట్టింది. బడివాళ్లూ పిల్లల ఇళ్లవాళ్లూ తప్ప బయటివాళ్లెవరూ దాన్ని చూడలేరు. అందులో ఒక్కొక్క పిల్లా, వరద వచ్చిన ఏడాది ఈ ఊళ్లో బతికిన ఒక మనిషి పేరున పేజీ తెరవాలి. ఆ మనిషే రాస్తున్నట్టు రోజూ ఒక పోస్టు పెట్టాలి. అప్పటి తొలి వాన రోజు నుంచి గట్టు తెగిన రోజు దాకా, ఏ తేదీ సంగతి ఆ తేదీకి. ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రాయాలి, అడగనిది రాయకూడదు. గట్టు తెగాక బతికినవాళ్ల పేజీలు నడుస్తాయి, పోయినవాళ్ల పేజీలు ఆగిపోతాయి. ఫలానావాళ్లు పోయారని కూడా ఎవరూ రాయకూడదు.

"పోయినవాళ్లు పోస్టు పెట్టలేరు కదమ్మా," అంది మా లాయరమ్మ చాలా తేలిగ్గా.

అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన, "నానమ్మనడుగు" అనేశాడు. ఆయన బస్సు డ్రైవరు. రోడ్డు మీద ఎవరికీ దారివ్వడు గానీ, ఇంట్లో ఏ ప్రశ్న వచ్చినా పక్కకి తప్పుకుని వాళ్లమ్మ మీదికి వదిలేస్తాడు. అన్నాక నాలిక కరుచుకున్నాడు.

మా ఇంట్లో వరద మాట ఎత్తరు. పెళ్లయిన కొత్తలో ఆయన నాకు ఒకే ఒక్కసారి చెప్పాడు. "నాకంటే ముందు ఒక ఆడపిల్ల ఉండేదట. వరదలో పోయింది. నేనింకా పుట్టలేదు. అమ్మ ముందు ఎత్తకు." నేను ఎత్తలేదు. సాధింపులు లేని ఆడపడుచు దొరికిందని మనసులో అనుకుని, అలా అనుకున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. అత్తయ్య గట్టు వైపు నడవదు. మార్కెట్టుకి గట్టు మీదుగా అడ్డదారి ఉన్నా, ఎండైనా వానైనా ఊరంతా చుట్టి వెళ్తుంది. రోడ్డు దాటేటప్పుడు పక్కన ఎవరుంటే వాళ్ల మణికట్టు పట్టుకుంటుంది. అది మామూలు పట్టు కాదు, పోలీసు పట్టు. కొత్త కోడలిగా నా చేతి మీద ఆవిడ వేళ్ల గుర్తులు చూసి మా అమ్మ హడలిపోయింది.

అత్తయ్య కిటికీ దగ్గర కూర్చుని నేను కుట్టిన చొక్కాలకి గుండీలు కుడుతోంది. మనవరాలు వెళ్లి అడగనే అడిగింది. మా ఆయన నా మొహం చూశాడు, నేను ఆయన మొహం చూశాను.

"మీ అత్త ఉండేది," అంది అత్తయ్య, సూది ఆపకుండా. "దాన్ని రాయి."

"పేరేంటి నానమ్మా?"

"పిచ్చుక అనే పిలిచేవాళ్లం. ఒకచోట నిలిచేది కాదు." దారం కొరికి తెంపింది. "ఇంకా బళ్లో వెయ్యలేదు."

పేజీ మీద బొమ్మ కావాలంది మా అమ్మాయి. ఫొటో ఉంటే కదా! ఇంట్లో ఉన్నదంతా నీళ్లే పట్టుకుపోయాయి. పిచ్చుక ఆఖరున తొడుక్కున్న గౌను పసుప్పచ్చ మీద తెల్ల చుక్కలదని అత్తయ్య చెప్పింది. నా గుడ్డపీలికల సంచీ మొత్తం బోర్లించి, పసుప్పచ్చ చుక్కల గుడ్డలన్నీ ఆవిడ ముందు పరిచాను. "ఇది కాదు. ఇంకా లేత రంగు." "ఇదీ కాదు. చుక్కలు ఇంత పెద్దవి కావు." చివరికి ఒక అరచేతి పీలిక తీసి, వెలుగుకి పట్టి చూసి, ఏమీ అనకుండా ఒళ్లో పెట్టుకుంది. దాన్ని తిరిగి తీసుకుని ఫొటో తియ్యడానికి మా అమ్మాయి అరగంట బతిమాలాల్సి వచ్చింది.

తొలి పోస్టు నాకింకా గుర్తు. "ఇవాళ వాన. కప్ప దొరికింది. డబ్బాలో పెట్టుకున్నా. అమ్మ చూసింది. కప్ప పోయింది, డబ్బా పోయింది, నాకో దెబ్బ పడింది." అత్తయ్యకి చదివి వినిపిస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆవిడ అలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు.

తర్వాత నా ఇంట్లో జరిగింది చూడండి. ఫోను ముట్టుకుంటే షాకు కొడుతుందన్నట్టు ఉండే మనిషి, కొడుకుని అడిగి ఒక పాత ఫోను సంపాదించింది. మనవరాలి దగ్గర టైపు కొట్టడం నేర్చుకుంది. పిచ్చుక పోస్టు పడగానే టింగుమంటుంది. ఈవిడ చేతిలో చొక్కా పక్కన పడేసి, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కింద కామెంటు రాస్తుంది. "చెప్పులు వేసుకో." "తడవకు తల్లీ, జ్వరం వస్తుంది." "పడవతన్ని విసిగించకు." పక్క గదిలోంచి మా అమ్మాయి పిచ్చుకై జవాబిస్తుంది. "చెప్పులు బురదలో ఇరుక్కున్నాయి." "నేను విసిగించలేదు, ఆయనే పిలిచాడు." పడవతని పేజీ నడిపే పిల్లవాడు కూడా మధ్యలో దూరి, "మీ పిల్ల నా పడవలో నీళ్లు తోడుతోందండీ, మంచి పనిమంతురాలు" అని రాసేవాడు. గ్రూపంతా పడి పడి నవ్వుకునేది. అత్తయ్య రెండు ముద్దలు ఎక్కువ తింటోందని నేనూ సంతోషించాను.

మా ఆయన ఒక్కడే ముభావంగా ఉండేవాడు. ఓ పొద్దున తలుపు దగ్గర బూట్లు తొడుక్కుంటూ అన్నాడు. "నేను చిన్నప్పుడు తడిసొస్తే తువ్వాలు విసిరేసేది. అంతే. తడవకు అని ఒక్కసారి కూడా అన్లేదు." ఏదో బస్సు టైము గురించి చెబుతున్నట్టే చెప్పి వెళ్లిపోయాడు.

వానలు ముదిరాయి. అత్తయ్య సాయంత్రంపూట వీధి తలుపుకి గొళ్లెం పెట్టనివ్వడం మానేసింది. జల్లు లోపలికి కొడుతోంది, మిషను తుప్పు పడుతుంది అంటే, "ఉండమ్మా, అది వస్తుంది" అంది. అది అంటే ఎవరని నేను అడగలేదు. మా అమ్మాయి గదిలో హోంవర్కు చేసుకుంటోందని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. కాసేపయ్యాక గొళ్లెం పెట్టబోతూ నేనూ ఒక్కసారి వీధిలోకి తొంగి చూశాను. ఎందుకు చూశానో నాకే తెలీదు. వీధిలో ఎవరూ లేరు.

ఇంకోరోజు వంటింట్లోంచి "పిచ్చుకా, ఆ తువ్వాలు ఇలా పట్రావే" అని కేకేసింది. "ఆఁ, వస్తున్నా" అని మా అమ్మాయి లేచి వెళ్లింది. ఆ గొంతు మా లాయరమ్మది కాదు. అది ఇంకా పాలపళ్లు రాలని పిల్ల గొంతు. దాన్ని గదిలోకి లాక్కెళ్లి, "నీ పేరు నీకు గుర్తుందా?" అని భుజాలు కుదిపాను. "నానమ్మ కోసమే కదమ్మా" అంది, మొహం చిన్నబుచ్చుకుని. దాన్ని దగ్గరికి తీసుకున్నాను.

గట్టు తెగిన తేదీ ఇంకో వారం ఉందనగా ఆ పోస్టు పడింది.

"నేను అమ్మ చెయ్యి పట్టుకోను. అమ్మ చెయ్యి పెద్దది. చిటికెన వేలు పట్టుకుంటా. అదే నాకు సరిపోతుంది."

అత్తయ్య కామెంటు రాయలేదు. ఫోను పట్టుకుని లేచి, గోడ ఆసరాతో మా అమ్మాయి గది దాకా వెళ్లింది. పాలిపోయిన ఆ మొహం చూసి నేనూ వెనకే పరిగెత్తాను.

"ఇది నీకెవరు చెప్పారు?"

"నువ్వే చెప్పుంటావు నానమ్మా."

"నేను చెప్పలేదు. ఈ మాట నా నోట ఎవరితోనూ రాలేదు. మీ తాతకే చెప్పలేదు. ఎవరు చెప్పారే నీకు?"

మా అమ్మాయి బిక్కచచ్చిపోయింది. కళ్లనీళ్లు పెట్టుకుని నిజం చెప్పింది. "ఎవరూ చెప్పలేదు. రూలు తప్పి నేనే రాశా. చిన్నప్పుడు నువ్వు నన్నెప్పుడూ మణికట్టు పట్టుకుని నడిపించేదానివి. నొప్పి పుట్టేది. మిగతా పిల్లల్లాగా నాకూ నీ వేలు పట్టుకోవాలనుండేది. నువ్వు పట్టుకోనిచ్చేదానివి కాదు. అందుకని... పిచ్చుకైనా పట్టుకుంటుందిలే అని రాశా."

అత్తయ్య మంచం అంచున కూర్చుండిపోయింది. మనవరాలి చెయ్యి తీసుకుని, బతిమాలే గొంతుతో అడిగింది.

"ఆ రోజు దాన్ని ఇక్కడ ఉండనివ్వకు తల్లీ. ముందే మా అన్నయ్య లారీ ఎక్కించు. కొండమీది ఊరికి పంపించెయ్. నువ్వు రాస్తే వెళ్లిపోతుంది. నీ చేతిలోనే కదా ఉంది."

"అలా రాయకూడదు నానమ్మా. జరగలేదు కదా."

"జరగకపోతే ఏం? రాయి."

మా అమ్మాయి రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ప్రతిదానికీ వాదించే పిల్ల నోరు మూసుకుని తిరుగుతుంటే చూడలేకపోయాను. మేడమ్‌కి ఫోన్ చేసి, లారీ సంగతంతా చెప్పి, ఉన్నపళాన రమ్మన్నాను.

గొడుగు మడుచుకుంటూ వచ్చింది. చిన్న పిల్ల, మహా అయితే మా ఆఖరి చెల్లెలి ఈడు. కూర్చోమని కూడా అనకుండా అందుకున్నాను. "పాఠం చెప్పమని పంపితే, పోయిన మనిషిని తెచ్చి మా ఇంట్లో కూర్చోబెట్టారు. ఇన్నాళ్లూ మా పిల్ల నోటితో మాట్లాడించారు. ఇప్పుడు మా పిల్ల చేత్తోనే చంపిస్తారా? ఇదేం చదువమ్మా? ఇది చదువా, శవజాగారమా?"

మేడమ్ మొహం వాడిపోయింది. అయినా గొంతు లేవలేదు. "పుస్తకంలో ఒక్క ముక్క ఉందండీ. 'తీవ్ర ప్రాణనష్టం జరిగింది' అని. పిల్లలు ఏటా దాన్ని బట్టీ పట్టి రాసేస్తారు, మార్కులు వేసేస్తాం. ఆ పోయినవాళ్లు ఎవరో, కప్పల్ని పట్టారో లేదో వాళ్లకి తెలియాలనుకున్నాను. ఇంతదాకా వస్తుందనుకోలేదండీ. తప్పే. ఆ పేజీ ఇప్పుడే తీసేస్తాను."

ఫోను బయటికి తీసిందో లేదో, అత్తయ్య లేచి వెళ్లి ఆ అమ్మాయి మణికట్టు పట్టుకుంది.

"తీశావంటే ఊరుకోను."

మేడమ్ ఆవిడ వేళ్ల వైపు చూసింది. విడిపించుకోలేదు. "తియ్యనండీ," అంది మెల్లగా. "రూలు పెట్టింది నేనే కదా. పిచ్చుకకి ఆ రూలు లేదు. లారీ ఎక్కించమనండి." తర్వాత మా అమ్మాయి తల నిమిరి, "నువ్వేం రాసినా నేను నిన్నేమీ అడగను" అని చెప్పి వెళ్లింది. నేను ఆ అమ్మాయికి టీ అయినా ఇవ్వలేదు.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దుటినుంచీ ఒకటే వాన. సాయంత్రానికి పిల్లలందరూ ఎవరిళ్లలో వాళ్లు ఫోన్లు పట్టుకుని కూర్చోవాలి. నేను మిషను మీద గుడ్డ కప్పేశాను. ముందుగదిలో ఒకవైపు అత్తయ్య, ఎదురుగా మా అమ్మాయి, చెరో ఫోనూ. టింగు, టింగుమని పోస్టులు పడుతున్నాయి. రొట్టెల కొట్టతను, "కొట్టు కట్టేస్తున్నా, పిండి అటకమీద పెట్టా" అన్నాడు. పడవతను, "నీరు గట్టు అంచుకి జానెడు దూరంలో ఉంది. బడి మేడకి నడవండి" అన్నాడు.

మా అమ్మాయి తన ఫోను వాళ్ల నానమ్మ చేతిలో పెట్టింది. "రాశాను. చూడు. నువ్వు ఊఁ అంటే పంపిస్తా."

నేను వంగి చూశాను. "మావయ్య లారీ ఎక్కేశా. కొండమీదికి వెళ్లిపోతున్నా. ఇక్కడినుంచి ఊరు చిన్నగా కనిపిస్తోంది. భయం లేదు."

అత్తయ్య పెదాలు కదుపుతూ చదివింది. మళ్లీ చదివింది. ఊఁ అనేస్తే బాగుండునని నేను దేవుణ్ణి వేడుకున్నాను. ఆవిడ మొహంలో ఒక వెలుగు వచ్చి, వచ్చినట్టే పోయింది.

"ఇది ఎవరో మంచి పిల్ల," అంది. "చెప్పగానే లారీ ఎక్కింది. మా పిచ్చుకైతే ఎక్కదే. వీధి నిండా నీళ్లుంటే అది లారీ ఎక్కుతుందా?"

వాన చప్పుడొకటే వినిపిస్తోంది.

"బడి మేడకే బయల్దేరాం," అంది అత్తయ్య. "మోకాళ్ల దాకా నీళ్లు. కుడిచేతిలో మూట. ఎడమచేతికి సంచీ తగిలించుకున్నా. ఇంకేముంది, దానికివ్వడానికి ఈ వేలొక్కటే మిగిలింది. మూటలో ఏముందో తెలుసా? దుప్పట్లు. దాన్ని మాత్రం గుండెకి హత్తుకుని గట్టిగా పట్టుకున్నాను. పైనుంచి ఒక్క ఊపున వచ్చింది నీరు. మేడ మీదికి నన్నెవరో లాగారు. చూసుకుంటే మూట ఉంది. సంచీ ఉంది." ఎడమచెయ్యి ఎత్తి చిటికెన వేలు చూసుకుంది. "ఆ దుప్పట్లు పొడిగానే ఉన్నాయమ్మా."

నేను ఏడ్చేశాను. చెప్పడానికి సిగ్గేముంది, బావురుమన్నాను. మా అమ్మాయి మాత్రం ఏడవలేదు. నేల మీద కూర్చుని, వాళ్ల నానమ్మ మోకాలి మీద చెయ్యి వేసి అడిగింది.

"చివరికి ఏమంది నానమ్మా?"

"ఏమీ అన్లేదు. నవ్వుతోంది. నీళ్లని కాలితో తంతూ నవ్వుతోంది. దానికి అది ఆటే కదా."

మా అమ్మాయి లారీ పోస్టు చెరిపేసింది. కొత్తగా రాసింది. వాళ్ల నానమ్మకి చూపించింది. అత్తయ్య తల ఊపింది. టింగుమని పోస్టు పడింది.

"రోడ్డు మీద నీళ్లు! ఇంట్లో కాదు, రోడ్డు మీదే! అమ్మా నేనూ నడుస్తున్నాం. ఎంత బాగుందో!"

తర్వాత రొట్టెల కొట్టతని పోస్టు వచ్చింది. ఆ తర్వాత పడవతనిది. "గట్టు తెగింది." గ్రూపులో కాసేపు ఏమీ లేదు. మళ్లీ ఒక్కొక్కరే రాశారు. బడి మేడ మీద ఉన్నాం, చలిగా ఉంది, మా ఆవు కనపడటం లేదు. పడవతను అడిగాడు. "పిచ్చుకా, ఎక్కడున్నావు?" మా అమ్మాయి ఫోను బోర్లా పెట్టి దాని మీద రెండు చేతులూ ఉంచింది.

అత్తయ్య తన ఫోనులో అక్షరాలు వెతుక్కుంటూ ఏదో రాసింది. ఆ పోస్టు కింద కామెంటు పడింది. "వేలు కాదు తల్లీ. చెయ్యి పట్టుకో."

జవాబు రాలేదు. ఆవిడ ఫోను వంకే చూస్తూ కూర్చుంది. నేను దీపం కూడా వెయ్యలేదు.

మా ఆయన డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. తల మీంచి నీళ్లు కారుతున్నాయి. మా వాలకం చూసి అంతా అర్థమై, లోపలికి రావాలో వద్దో తెలీక అక్కడే నిలబడ్డాడు. అత్తయ్య తలెత్తి చూసింది.

"ఎందుకురా అలా తడిశావు," అంది. లేచి వెళ్లి, తువ్వాలు విసరలేదు, తనే అంత పొడుగు కొడుకు తల వంచి తుడిచింది. ఆయన పసిపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

వానలు తగ్గాక మేడమ్ పేజీలన్నీ మూసేసింది. పిచ్చుక పేజీ మాత్రం అలాగే ఉంచింది. ఒకరోజు ఇంటికి పిలిచి టీ ఇచ్చాను. ఇద్దరం ఆ సంగతి తప్ప అన్నీ మాట్లాడుకున్నాం.

ఆ వారమే ఒక ఉదయం మార్కెట్టుకి బయల్దేరితే, అత్తయ్య ఊరు చుట్టూ తిరిగే దారి పట్టకుండా గట్టు మెట్లెక్కింది. నేనూ మా అమ్మాయీ వెంట ఎక్కాం. ఏరు ఒడ్డుకి అణిగిమణిగి పోతోంది. మా అమ్మాయి ఆవిడ కుడిపక్కకి వెళ్లి, ఒకసారి మొహంలోకి చూసి, చిటికెన వేలు పట్టుకుంది. ఆవిడ మణికట్టు అందుకోలేదు. వేలు అలాగే ఉండనిచ్చింది. నేను వెనక నడుస్తున్నాను.

గట్టు మీద దారి వెడల్పుగానే ఉంది. ఎడమపక్కంతా ఖాళీ. ముగ్గురం ఒక వరసలో నడుద్దామని నేను నాలుగడుగులు జోరుగా వేసి అటు వెళ్లబోయాను.

అత్తయ్య ఎడమచేతిలో సంచీ లేదు. గుప్పిట మూసి ఉంది. చిటికెన వేలొక్కటే కిందికి, కొంచెం బయటికి చాచి ఉంది.

"ఇటు రామ్మా," అంది నా వైపు తిరక్కుండానే. "అటు చోటు లేదు."

నేను వెనక్కి తగ్గి, మా అమ్మాయి పక్కన నడిచాను.